ఆట ఎక్కడ అచ్చయింది, డబ్బు ఎవరి చేతిలో పడింది?

ఈసారి పోస్టు కాస్త పెద్దది. కాఫీ కలుపుకుని తీరిగ్గా చదవండి.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అప్పటి నుంచి మన గ్రూపుల్లో రెండు వాదాలు నడుస్తున్నాయి. పీడ వదిలిందని కొందరంటారు. లైసెన్సు ఇచ్చి, పన్ను వసూలు చేసుకుని, హద్దులు పెడితే సరిపోయేదానికి ఇంతమంది ఉద్యోగాలు తీశారేమిటని ఇంకొందరంటారు. బెంగళూరులో ఈ రెండు మాటలూ ఒకే అపార్ట్‌మెంటులో, ఒక్కోసారి ఒకే ఇంట్లో వినిపిస్తాయి. ఆ కంపెనీల్లో కోడ్ రాసిన పిల్లలు మనవాళ్లే. ఆ యాపుల్లో జీతాలు పోగొట్టుకున్నవాళ్లూ మనవాళ్లే. కార్తీక వనభోజనాలకు వస్తే ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుంటారు. అందుకని ఎవరినో ఒకరిని తిట్టి ఊరుకుంటే మనకు పని జరగదు. ఈ తగువు నిన్న మొన్నటిది కాదు, మన బెంగళూరుకు అందులో పాత చోటే ఉంది. ఆ కథ తెలిస్తే ఇప్పుడు మనం దేన్ని గమనించాలో కొంత తెలుస్తుంది.

జూదాన్ని నిషేధించాలా, అనుమతించి అదుపులో పెట్టాలా అన్న ప్రశ్న మన ధర్మశాస్త్రాల నాటికే ఉంది. మనువు రాజ్యంలో జూదమే ఉండకూడదన్నాడు. కౌటిల్యుడు దానికి ఒప్పుకోలేదు. అర్థశాస్త్రంలో జూదానికి ఒక ప్రభుత్వ అధికారిని పెట్టాడు, ద్యూతాధ్యక్షుడని. ఆట ఒకే చోట జరగాలి, వేరే చోట ఆడితే 12 పణాల జరిమానా. పాచికలు ప్రభుత్వానివే, వాటికి అద్దె. గెలిచినదాంట్లో నూటికి 5 ప్రభుత్వానికి. యాజ్ఞవల్క్యుడిదీ ఇంచుమించు ఇదే దారి. జూదశాల నడిపేవాణ్ణి ఆయన సభికుడు అన్నాడు. సభికుడు తన వాటా తాను తీసుకుంటాడు, రాజుకు ఒప్పుకున్న వాటా చెల్లిస్తాడు, గెలిచినవాడికి డబ్బు ఇప్పించే పూచీ పడతాడు. జూదాన్ని ఒకే అజమాయిషీ కింద ఎందుకు పెట్టాలో కూడా ఆయన చెప్పాడు: దొంగలెవరో తెలియడానికి. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. ఆ కల్యాణి ఇప్పటి కర్ణాటకలోని బసవకల్యాణే. 13వ శతాబ్దంలో కేతన మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చి 'విజ్ఞానేశ్వరీయం' రాశాడు. అంటే ఈ చర్చ మన రెండు భాషల నేల మీదుగానే నడిచి వచ్చింది.

ఇక్కడ సభికుణ్ణి గుర్తుపెట్టుకోండి. లైసెన్సు అన్నమాటకు అసలు అర్థం ఆయనే. పేరూ ఊరూ తెలిసిన మనిషి ఒకడు, డబ్బు చేతులు మారే చోట కూర్చుని, రాజు అడిగితే జవాబు చెప్పాలి. కిందటి 75 ఏళ్ల చట్టాల కథంతా ఆ మనిషి చెయ్యి జారిపోవడం, మళ్లీ పట్టుకోవాలని చూడటం.

ఇక బెంగళూరుకు వద్దాం. 1950లలో పత్రికల్లో బహుమతి పోటీలకు మహా గిరాకీ ఉండేది. గళ్ల నుడికట్టు నింపి, రుసుము కట్టి పంపాలి. సరిగ్గా నింపితే పెద్ద బహుమతి. పైకి చూస్తే తెలివితేటల పరీక్షే. ఒక గడిలో రెండు మూడు మాటలు ఇమిడే చోట మాత్రం, నిర్వాహకులు ముందే ఖాయం చేసుకున్న మాట ఏదో ఊహించాలి. ఆ ఊహే పందెం. ఆర్.ఎం.డి. చమార్‌బాగ్‌వాలా అనే ఆయన కంపెనీ అలాంటి పోటీలు నడిపేది. కంపెనీ మైసూరు రాష్ట్రంలో రిజిస్టరైంది. పోటీ అచ్చయ్యే 'స్పోర్టింగ్ స్టార్' పత్రిక మన బెంగళూరులో అచ్చయ్యేది. బొంబాయి రాష్ట్రంలో అది విరివిగా పోయేది. పూరించిన కాగితాలూ రుసుములూ తీసుకోవడానికి అక్కడ కలెక్షన్ డిపోలు, వసూలు చేసే ఏజెంట్లు ఉండేవారు.

బొంబాయి ప్రభుత్వం 1948లోనే లాటరీలకూ బహుమతి పోటీలకూ లైసెన్సు, పన్ను పెట్టి చట్టం చేసింది. మైసూరు కూడా 1951లో అలాంటి చట్టం చేసుకుంది. అయితే బొంబాయి చట్టంలో ఒక సందు ఉంది. రాష్ట్రం బయట అచ్చయ్యే పత్రికల పోటీలు దాని కిందికి రావు. ఆడేవాడు బొంబాయిలో, పత్రిక బెంగళూరులో, పన్ను సున్నా. ఈనాటి భాషలో చెప్పాలంటే బొంబాయి వాళ్లకు అప్పట్లో బెంగళూరే విదేశీ సర్వరు.

1952లో బొంబాయి ఆ సందు మూసింది. బయట అచ్చయినా సరే, మా రాష్ట్రంలో వసూలైన డబ్బు మీద పన్ను కట్టాలంది. కంపెనీ కోర్టుకెళ్లింది, బొంబాయి హైకోర్టులో గెలిచింది. 1957 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఆ తీర్పులో ఋగ్వేదం నుంచి మహాభారతం దాకా జూదం గురించి మన పెద్దలన్న మాటలు గుర్తుచేశారు. జూదం వ్యాపారం కిందికి రాదని, వ్యాపార స్వేచ్ఛ హక్కు దానికి వర్తించదని తేల్చారు. ఈ మాట అందరూ చెప్పుకుంటారు. రెండో మాట అంతగా చెప్పుకోరు గానీ మనకు పనికొచ్చేది అదే. పత్రిక ఎక్కడ అచ్చయినా, ఆడమని పిలుపు వచ్చేది బొంబాయి వాళ్లకు, డబ్బు కట్టేది బొంబాయిలో, తీసుకునే మనుషులు ఉన్నదీ బొంబాయిలోనే కాబట్టి ఆ రాష్ట్రానికి పన్ను వేసే అధికారం ఉందని కోర్టు చెప్పింది. ఇంటర్నెట్ పుట్టకముందే ఇంటర్నెట్ జూదానికి సరిపోయే సూత్రం అది: ఆట ఎక్కడ తయారైందని అడగకు, డబ్బు ఎక్కడ పడుతోందో చూడు.

అదే రోజు అదే కంపెనీ వేసిన ఇంకో కేసులోనూ తీర్పు వచ్చింది. కేంద్రం 1955లో బహుమతి పోటీల చట్టం చేసి, నెలకు 1,000 రూపాయల బహుమతి, 2,000 ఎంట్రీలు దాటకూడదని, ఆ లోపు నడపాలన్నా లైసెన్సు ఉండాలని పెట్టింది. ఈ చట్టం అదృష్టం మీద నడిచే పోటీలకే గానీ నైపుణ్యం మీద నడిచేవాటికి వర్తించదని కోర్టు అంది. ఆ రోజు గీసిన గీత మీదే తర్వాత లాయర్ల తరాలు బతికాయి. నైపుణ్యమా, అదృష్టమా?

ఆ గీత మీద నిలబడ్డ ఆటల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మన పేకాటే. సికింద్రాబాద్‌లో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. నలభై యాభై ఏళ్ల తర్వాత రమ్మీ యాప్‌లన్నీ ఈ తీర్పునే తలుపు మీద తోరణంలా కట్టుకున్నాయి. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఇల్లు గలవాడో క్లబ్బు వాడో ఆ ఆట మీద లాభం సంపాదిస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చని. పేకలకూ కుర్చీలకూ మామూలు రుసుము తీసుకుంటే తప్పు లేదు, ఆటనే ఆదాయం చేసుకుంటే వేరే సంగతి. ప్రతి ఆట మీదా కమీషన్ కోసుకునే యాప్ ఈ రెండింటిలో ఏ వైపు? ఆ ప్రశ్న చాలాకాలం వెనక వరసలోనే కూర్చుంది.

లైసెన్సు ఎలా పనిచేస్తుందో చూడాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు. నగరం నడిబొడ్డున రేసుకోర్సు ఉంది. 1952 నాటి మైసూరు రేసుకోర్సుల లైసెన్సు చట్టం కింద అక్కడ గుర్రప్పందాలు నడుస్తూ వచ్చాయి. గుర్రప్పందెం కూడా నైపుణ్యం ఆటేనని 1996లో మద్రాసు కేసులో సుప్రీంకోర్టు అంది. రేసుల్లో కొంపలు ఆర్పుకున్నవాళ్లు లేరని కాదు, బోలెడంతమంది ఉన్నారు. అయినా దానికి ఒక ప్రహరీ ఉంది, గేటుంది, వారంలో ఇన్ని రోజులని ఉంది, లైసెన్సు ఆపేసే అధికారి ఉన్నాడు. లాటరీదీ అంతే. 2007లో కర్ణాటక లాటరీ టిక్కెట్లు ఆపేసినప్పుడు వీధి చివర టిక్కెట్ల బల్లలు కనబడకుండా పోయాయి. కంటికి కనబడే వ్యాపారాన్ని అనుమతించడమూ తేలికే, మూయించడమూ తేలికే.

ఫోను వచ్చాక ప్రహరీ పోయింది. మట్కా చీటీ రాసేవాడి కోసం సందులోకి వెళ్లక్కర్లేదు, క్లబ్బులో ఎవరైనా చూస్తారన్న బెరుకు లేదు. దుప్పటి కప్పుకుని అర్ధరాత్రి రెండింటికి ఆడొచ్చు. రాజ్యాంగంలో పందేలూ జూదమూ రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి కాబట్టి రాష్ట్రాలు తలా ఒక దారి పట్టాయి. సిక్కిం 2008లో ఆన్‌లైన్ ఆటలకు లైసెన్సు చట్టం చేసింది, తర్వాత దాన్ని రాష్ట్రం లోపలి కేంద్రాలకు పరిమితం చేసుకుంది. నాగాలాండ్ నైపుణ్యం ఆటలకు లైసెన్సులిచ్చింది. తెలంగాణ 2017లో నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించి, 132 సైట్లను మూయించమని కేంద్రానికి ఉత్తరం రాసింది. కర్ణాటక నిషేధం 2021 అక్టోబర్ 5న అమల్లోకి వచ్చి, 2022 ఫిబ్రవరి 14న హైకోర్టులో కొట్టివేతకు గురైంది. కారణం పాత గీతే: నైపుణ్యం ఆటలనూ కలిపి నిషేధించడం చెల్లదని. తమిళనాడు మొదటి నిషేధం 2021లో కోర్టులో ఓడింది. 2022లో మళ్లీ చట్టం చేసి, ఆన్‌లైన్ గేమింగ్ అథారిటీని పెట్టి, 2025లో అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా ఆట బంద్, ఆధార్‌తో గుర్తింపు తప్పనిసరి అని నిబంధనలు తెచ్చింది. మద్రాసు హైకోర్టు వాటిని సమర్థించింది.

దీని ఫలితం సరిహద్దులో ఉండే మనవాళ్లకు బాగా తెలుసు. హిందూపురంలో 'మీ రాష్ట్రంలో ఈ ఆట లేదు' అన్న యాప్ గౌరీబిదనూరు చేరేసరికి తెరుచుకునేది. నిషేధం ఉన్న రాష్ట్రం నుంచి చదువుకో ఉద్యోగానికో వచ్చిన కుర్రాడికి బెంగళూరు పీజీ గదిలో అడ్డు లేదు. 1952కు ముందు బొంబాయికి బెంగళూరు ఎలాగో, 2020 తర్వాత తెలుగు రాష్ట్రాలకు బెంగళూరు అలాగే అయింది.

కేంద్రం మధ్యేమార్గం కూడా ప్రయత్నించింది. 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించి, పరిశ్రమే స్వీయ నియంత్రణ సంస్థలు పెట్టుకుని ఏ ఆటకు అనుమతో తేల్చాలంది. ఒక్క సంస్థకూ గుర్తింపు దక్కలేదు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆటగాడు వేసే మొత్తం డబ్బు మీద 28 శాతం జీఎస్టీ పెట్టింది. అంతకుముందు కాలానికి కూడా అదే లెక్కన కట్టాలని నోటీసులు వచ్చాయి. మన బెంగళూరు కంపెనీ గేమ్స్‌క్రాఫ్ట్‌కు 2022లో వచ్చిన నోటీసు సుమారు 21,000 కోట్ల రూపాయలకు. 2023 మేలో కర్ణాటక హైకోర్టు ఆ నోటీసును కొట్టేసింది, సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుపై స్టే ఇచ్చింది. గమనించండి: లైసెన్సు లేదు, పన్ను మాత్రం ఉంది. యాజ్ఞవల్క్యుడి సభికుడు రాజుకు వాటా ఇచ్చాడు, బదులుగా రాజు అతని మీద అజమాయిషీ చేశాడు. ఇక్కడ వాటా అడిగారు, అజమాయిషీ సంగతి తేల్చలేదు. ఏ వయసువాడు ఆడుతున్నాడు, నెలకు ఎంత పోగొట్టుకుంటున్నాడు, ఆపమని ఎవరు చెప్పాలి అన్న ప్రశ్నలకు దేశం మొత్తానికీ ఒకే జవాబుదారు లేడు.

అలా వచ్చింది 2025 చట్టం. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మూడు రోజుల్లో అయిపోయింది. ఏటా 45 కోట్లమంది 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వ అంచనా. నైపుణ్యమా అదృష్టమా అన్న పాత గీతను ఈ చట్టం చెరిపేసింది. డబ్బు పెట్టి గెలుపు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. నడిపితే 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేస్తే 2 ఏళ్లు, 50 లక్షలు. డబ్బు లావాదేవీకి సాయపడితే నడిపినవాడికున్నంత శిక్షే. ఆడేవాడికి ఈ చట్టంలో శిక్ష లేదు, అతన్ని బాధితుడిగా చూసింది. ఏ23 రమ్మీ నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్ కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు వేర్వేరు హైకోర్టుల్లోని ఇలాంటి కేసులన్నిటినీ తన దగ్గరికి తెప్పించుకుంది. ఈలోగా కంపెనీలు ఆటలు ఆపాయి. బెంగళూరులో ఎంపీఎల్ లాంటి చోట్ల పెద్ద ఎత్తున ఉద్యోగాలు పోయాయి.

బ్రిటన్ ఇంకో దారిలో నడిచింది. 2005 చట్టంతో జూదం మొత్తానికి ఒక కమిషన్ పెట్టి లైసెన్సులిచ్చింది. కంపెనీలు జిబ్రాల్టర్ లాంటి చోట్లకు మకాం మార్చి అక్కడి నుంచే బ్రిటన్ వాళ్లను ఆడించాయి. 2014లో చట్టం మార్చి, మీరు ఎక్కడున్నా సరే, మా మనిషిని ఆడించాలంటే మా లైసెన్సు ఉండాలన్నారు. బొంబాయి 1952లో చేసిన పనే అది, 62 ఏళ్ల తర్వాత. 2020లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటం ఆపేశారు. నన్ను ఆడనివ్వొద్దని ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అతన్ని బయటే ఉంచాలన్న నియమం తెచ్చారు. అక్కడా బాధలు పోలేదు. తప్పు జరిగితే పిలిచి జరిమానా వేయడానికి మాత్రం ఒక చిరునామా ఉంది.

మనం ఈ కథ నుంచి తీసుకునేది ఇదీ. నిషేధమా, లైసెన్సా అన్నది సుప్రీంకోర్టు, పార్లమెంటు తేలుస్తాయి. ఏది తేల్చినా, డబ్బు పడే చోటు మీద చెయ్యి పడకపోతే రెండూ కాగితాలే. పేరున్న కంపెనీలు ఆటలు ఆపిన మాత్రాన ఆట ఆగదు. విదేశాల్లో సర్వరు పెట్టుకుని తెలుగులోనే మెసేజీలు పంపే క్రికెట్ బెట్టింగ్ యాప్‌లకు లైసెన్సూ లేదు, ఆఫీసూ లేదు. 1952లో బొంబాయిలో ఉన్న కలెక్షన్ డిపోలు మాత్రం వాళ్లకూ కావాలి. ఇప్పటి డిపో ఏమిటో తెలుసా? అద్దెకిచ్చిన బ్యాంకు ఖాతా. చదువుకునే పిల్లాడో, ఉద్యోగం పోయిన కుర్రాడో, చిన్న కొట్టు నడిపేవాడో తన ఖాతా, సిమ్ కార్డు, యూపీఐ ఇంకొకడి చేతిలో పెడతాడు. నెలకింత కమీషన్ అంటారు. ఎవరి డబ్బో వస్తుంది, గంటలో పోతుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేసరికి సర్వరు వాడు దొరకడు, ఖాతా ఉన్నవాడు దొరుకుతాడు. సభికుడి లాభం ఎవడిదో, జవాబుదారీ మాత్రం మన పిల్లాడిది.

కాబట్టి మన సంఘం వరకు మూడు పనులు ప్రతిపాదిస్తున్నాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాం.

ఒకటి, ఉగాది సంచికకు గానీ, క్రికెట్ టోర్నమెంటుకు గానీ, సాంస్కృతిక కార్యక్రమానికి గానీ పందెం యాప్‌ల ప్రకటన, స్పాన్సర్‌షిప్ ఏ రూపంలోనూ తీసుకోవద్దు. వార్తల సైటులాగానో స్కోర్ల యాప్‌లాగానో ముసుగు వేసుకుని వచ్చేవాటిని కూడా ఆరా తీసి చూడాలి. ఇందులో నీతి ఎంత ఉందో చట్టభయం అంతే ఉంది.

రెండు, ఊళ్ల నుంచి కొత్తగా వచ్చే విద్యార్థులకు మనం పెట్టే స్వాగత సమావేశంలో పీజీ, బస్ పాస్ గురించి చెప్పినట్టే బ్యాంకు ఖాతా ఎవరికీ అద్దెకివ్వకూడదని చెప్పాలి. అయిదు నిమిషాల మాట అది.

మూడు, ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లను చాటుగా చెప్పుకోవడం మానేసి దారి చూపించాలి. బెట్టింగ్ పేరుతో మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416. మన నగరంలోనే నిమ్హాన్స్‌లో ఫోను, ఆన్‌లైన్ అలవాట్లలో చిక్కుకున్నవారికోసం 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది. అప్పులవాళ్ల ఫోన్లకు భయపడి ఇల్లు వదిలి వెళ్లే దాకా రానివ్వకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పమనండి.

గేమింగ్ కంపెనీల్లో ఉద్యోగాలు పోయిన మన పిల్లలకు కూడా ఒక మాట. మీ పని చేతకాక పోయిన ఉద్యోగాలు కావివి, చట్టం మారి పోయినవి. మీ బయోడేటాలు సంఘం గ్రూపులో పెట్టండి. మనలో వేరే కంపెనీల్లో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కామెంట్లలో 'చూస్తాం' అని రాసి ఊరుకోకుండా, ఒక్కొక్కరం ఒక్కొక్క బయోడేటా తీసుకుని మన హెచ్.ఆర్.కు పంపుదాం.